‘ప’ లేని గుట్ట

ఇక్కడి నోళ్లకు ‘ప’ రాదు.
పోశెట్టిని కాస్తా బోషత్తిని చేసి
ఐదేండ్లాయె.
ఖల్ఫాన్ అట్లనే పిలుస్తడు,
నేనూ అట్లనే పలుకుత.

మస్కట్‌ల బస్సెక్కి వచ్చినోళ్లు పదకొండు మంది.
నాలుగు రోజులు గుట్టల మీద నడుస్తరు,
రాతిగుడిసె నుంచి రాతిగుడిసెకు.
ఖల్ఫాన్ కట్టెతోని చూపిస్తడు:
అదిగో రాబందు, ఇదిగో బండల గవ్వ,
ఒకప్పుడు ఇదంతా సముద్రమే.
వాల్లు మోకాళ్ల మీద కూసొని ఫోటోలు తీస్తరు.
సముద్రం గింత పైకి ఎందుకెక్కిందో
ఎవ్వలూ అడగరు.
పనికే వచ్చుంటది.
దిగుదామనుకునేసరికి
తొవ్వ మూసుకపోయుంటది.

వాల్లకంటె గంట ముందు లేస్త నేను.
కుక్కరు, కందిపప్పు, ఐదు కిలోల ఉల్లిగడ్డ,
గ్యాసు బుడ్డి, నొసటికి పట్టీ, నడుముకు తాడు.
వాల్లు వచ్చేటాళ్లకు చాయ మసులుతుండాలె.
లోయలు మస్తుంటయట.
నేను చూసింది కాళ్లముందు మూడు గజాలు.
ఏ రాయి కదులుతది, ఏది కదలది,
కంకర ఏడ జారుతది,
ఎండిన వేరు ఏడ మెట్టైతది.
ఐదేండ్ల సంది లోయ
నా ఎడమ చెవికే తెలుసు,
గాలి లెక్క.

మూడో నాడు మబ్బు దిగింది.
సున్నం కలిపిన నీళ్లలెక్క మబ్బు.
వెనుకకెల్లి ఈల, మూడు సార్లు.
మల్లి వచ్చి చూస్తే
ఖల్ఫాన్ బండ మీద కూసున్నడు,
మోకాలికి దానిమ్మకాయంత వాపు.
"బోషత్తి, ఈ తొవ్వ నీకెంత తెలుసు?"
"నాకు తెల్వది. నా బరువుకు తెలుసు."
నాకొచ్చిన అరబ్బీల అది ఎట్ల వచ్చిందో,
పండ్లు కొరుక్కుంటనే నవ్విండు.

తాడు పట్టాలంటే చేతులు కావాలె.
నా మూట విప్పిన్రు.
కుక్కరు పొడుగాటి ఆస్ట్రియా ఆయన వీపెక్కింది.
పప్పు అక్కాచెల్లెండ్లు ఇద్దరు పంచుకున్నరు.
గ్యాసు బుడ్డిని పండ్ల డాక్టరు
చంటిపిల్లలెక్క సంకకెత్తుకుండు.
ఉల్లిగడ్డ సంచి ఖల్ఫానే అడిగి తీసుకుండు,
వద్దంటే వినలే.

తాడు పట్టి అడుగేసిన.
తూలిన.
వీపు మీద ఇన్నేండ్లున్న చెయ్యి
ఎవ్వలో తీసేసినట్టు.
మెడ దానంతటదే లేసింది.
చూద్దామంటే లోయ లేదు.
నేను తలెత్తిన నాడే
గుట్ట ముసుగేసుకున్నది.

ఇగ ఏం జేస్త?
ఇంత బండ వెతికి పట్టీల పెట్టి
వీపుకెత్తుకున్న.
పదకొండు మంది పిచ్చోన్ని చూసినట్టు చూసిన్రు.
కండ్లు మూసుకున్న.
కాళ్లకు యాదికొచ్చింది.
ఇది కదిలే రాయి. ఇది కదలది.
ఈడ ఎడమకు ఒరుగు.
ఈడ ఎవ్వలూ మాట్లాడకుండ్రి.
వెనుక తాడు బిగుసుడు, వదులైడు,
నా పప్పు, నా గిన్నెల చప్పుడు
నా వెనుక రావుడు మొదటిసారి విన్న.

గుడిసె కండ్లకు కనవడలే,
చేతికి తగిలింది.

ఒక్కొక్కలు సామాను దించిన్రు.
ఉప్పు ఎవ్వల సంచిల పోయిందో దొరకలే.
సప్పటి పప్పే తిని
బాగుందన్నరు. అబద్ధం.

దీపం కాడికి ఖల్ఫాన్ రిజిస్టరు తెచ్చిండు.
తొవ్వ చూపినోని పేరు రాసే గీత మీద
వేలు పెట్టి, రాయి అన్నడు.
తెలుగుల రాసిన, ‘పో’ జర పెద్దగ.
ఆ అక్షరం దిక్కు చాలసేపు చూసిండు.
పెదవులు కలిపిండు, విడిచిండు,
గాలి ఊదిండు.
"ఫోషెట్టి."

అంతదాక వచ్చిండు.

బండ ఇంకా వీపు మీదనే ఉన్నది.
దించి, తలుపుకు అడ్డం పెట్టిన.
రాత్రంత గాలి.