పదకొండో పేజీ

పొందూరులో సైకిల్ షాపు మీద గది నాది.
కింద రిమ్ము మీద సుత్తి పడ్డప్పుడల్లా
పైన కుంచెలు కడిగే గ్లాసులో నీలం వణుకుతుంది.

పిల్లల బొమ్మల పుస్తకం. ఇరవై నాలుగు పేజీలు.
ఒక వాలుగ చేప ఆకాశంలోకి ఈదుకుంటూ పోయి
చిక్కుపడ్డ మబ్బుల్ని దువ్వుతుంది.
అంతే కథ.

చేప నా ఊహ కాదు.
ఎదురింటి సన్యాసమ్మ చేతిలో చూశాను,
గుప్పిట్లో ఇమిడిపోయే దవడ ఎముక,
చీపురు మొన కన్నా సన్నటి పళ్లు.
గింజ మీది పత్తిని దాంతో ఏకుతూ
"ఇనప దువ్వెనకి ఈ పని రాదమ్మా,
దానికి ఆకలేటో తెల్దు కదా" అంది.
ఆ మాట పుస్తకంలో పెట్టలేదు.
పెడితే పెద్దవాళ్లు మెచ్చుకుంటారు.

మబ్బు రంగుకే వారం పట్టింది.
తెలుపు కాదు, కాగితమే తెలుపు.
చివరికి గంజి రంగు కుదిరింది,
అంచున కాస్త పొగ.

శనివారం మెట్ల మీద పిల్లల్ని కూర్చోబెట్టి చదివాను.
చిక్కు విడిపోయి వాన పడే పేజీలో
ఒక గుంటడు నిజంగానే నెత్తిన పలక పెట్టుకున్నాడు.
సన్యాసమ్మ మనవరాలు ఢిల్లేశ్వరి మాత్రం
పదకొండో పేజీ మీద ఆనించిన వేలు తియ్యలేదు.
"దవడ మా మామ్మ కాడుంది కదా,
మరి సేప ఏటితో తింతాది?"

రాత్రి దీపం కింద చూసుకున్నాను.
చేప మూతికి నేను నవ్వు గీశాను.
దవడ లేని చోట నవ్వు.
ఇన్నాళ్లూ అది అందం అనుకున్నాను.

తడి గుడ్డతో తుడిస్తే నవ్వు పోలేదు.
కాగితానికి నూగు లేచింది,
అచ్చం ఏకిన పత్తిలాగే.

పొద్దున్నే ఆ పిల్లే బొగ్గుముక్కతో వచ్చింది.
చేప పక్కన మామ్మని గీసింది,
చేప కన్నా చిన్నగా, చెవులకి కమ్మలతో.
"మామ్మ నమిలి సేపకి ఎడతాది."

ఆ మాట విని
రాట్నం ఆపకుండానే ముసలమ్మ నోరు తెరిచి చూపించింది.
"నాకు మట్టుకి పల్లున్నాయేటే, గుంటా?"

ఇప్పుడు పదకొండో పేజీలో మబ్బు లేదు.
ఒక్క ముంతలో చోడి అంబలి,
చెరో వైపు ఒంగిన రెండు బోసినోళ్లు.
చోడి రంగు నా డబ్బాలో లేదు.
సన్యాసమ్మ ముంతలోంచే కుంచెతో తీసుకున్నాను.

ఇంకా ఆరలేదు.
చీమలు రాకుండా కాపలా కూర్చున్నాం,
నేనూ, ఢిల్లేశ్వరీ.