గులకరాయి

ల్యాబ్ తాళంచెవి ఇన్‌స్పెక్షన్ రోజునే బయటికొస్తుంది.
అందుకని జుబైల్ ఎండనే సాయమడిగాను.

మా ఇంటి బిర్యానీ గిన్నె, మధ్యలో టీ గ్లాసు,
కార్నీష్ దగ్గర ముంచుకొచ్చిన రెండు సీసాల సముద్రం.
పైన ప్లాస్టిక్ పొర బిగించి
గ్లాసు మీదికి వంగేలా
గులకరాయి పెట్టింది ముబీన.

మొదటిసారి చెడింది.
పొర జారింది, సగం సముద్రం గచ్చు పాలు.

మళ్లీ కట్టాం.
ఎవాపరేషన్ అంటే ఏమిటో
నిద్రలో లేపినా అప్పజెప్పే ఏడో తరగతి
గోడవార గొంతుక్కూర్చుని
ఒక్క చుక్క కోసం నోరు మూసుకుంది.
పొరకి లోపల చెమట పట్టింది.
చుక్క రాయి కిందికి నడిచి, ఆగి,
ఇంకా ఆగి,
పడింది.

ముబీన నాలుక మీద వేసుకుని
"రుచే లేదు మిస్" అంది దిగులుగా.
కాసేపటికి తనే,
"మా అబ్బా చొక్కాకి అంటుకొచ్చే ఉప్పు
ఇందులోంచి తీసిందేనా?"

ఖాదర్‌వలీది రాయచోటి.
నీళ్ల ప్లాంటులో పైపులు గీకే పని.

నేనేమీ చెప్పలేదు.
పొద్దున ఒలికి ఆరినచోట
తెల్లటి మరకని గోటితో గీకుతోంది పిల్ల.
వెనక గ్లాసులో ఇంకో చుక్క పడింది,
ఎవరూ చూడలేదు.