మూడో కుర్చీ

వెరిబీ క్లినిక్‌లో నాది మూడో కుర్చీ.
రెంటి మధ్య కొంచెం వెనక్కి జరిపి వేస్తారు.
విన్నది విన్నట్టు ఇటునుంచి అటు మోయాలి,
ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట రాల్చకూడదు.
గంటకింతని జీతం.

ఇవాళ్టి పిల్లాడు ధీమంత్. అయిదేళ్ల రెండు నెలలు.
కిటికీ కింద బోర్లా పడుకుని
బొమ్మకారు చక్రాన్ని చెవి దగ్గర తిప్పుకుంటున్నాడు.
తల్లి సుగుణ సంచిలోంచి కాగితం తీసింది,
చించిన క్యాలెండరు వెనక ప్రశ్నలు.
కొట్టేసినవి కూడా అడిగింది.

టీకా వల్లనా అండీ?
కాదు, అంది డాక్టర్ బ్రిజెట్. లక్షలమంది పిల్లల్ని గమనించి చూశారు. కాదు.
నేను ఆర్నెల్లకే డ్యూటీకి పోయినందుకా?
కాదు.
ఫోను చూపిస్తూ అన్నం పెట్టేదాన్ని...
కాదు.
గ్రహణం పూట, వీడు కడుపులో ఉండగా, కాకరకాయలు తరిగాను.
ఇక్కడ తడబడ్డాను.
గ్రహణానికి ఇంగ్లీషు ఉంది,
కత్తిపీట ముందు కూచున్న ఆ భయానికి లేదు.
ఎలాగో దాటించాను. మళ్లీ కాదు.
అన్ని కాదులు విన్నాక కూడా ఆమె భుజాలు దిగలేదు.
కారణం దొరక్కపోతే
మోసుకొచ్చిన తప్పుని ఎక్కడ దించుకోవాలి మనిషి?

అప్పటిదాకా బూటులేసు చూసుకుంటున్న ఓబులేశు
"మాది మేనరికం" అన్నాడు.
దానికి డాక్టరు వెంటనే కాదనలేదు.
జన్యువులు ఒకటీ రెండూ కాదు, వందలు,
పుట్టకముందే మెదడు అల్లుకునే తీరులోనే చాలామటుకు ఉంటుందిది,
పరీక్ష రాస్తాను, ఏమైనా తెలియొచ్చు, చాలాసార్లు తెలియదు,
తెలిసినా అది మీరు చేసిన తప్పు కాదు.
'తెలియదు'ని నేను మెత్తబరచలేదు.
బరచకూడదు.

తగ్గుతుందా?
ఇద్దరూ ఒకేసారి అడిగారు.
జ్వరం తగ్గడం, వాపు తగ్గడం, డబ్బాలో బియ్యం తగ్గడం,
ఏ తగ్గడాన్ని అప్పజెప్పను?
తగ్గడానికి ఇది జబ్బు కాదు, అంది డాక్టరు,
వీడు ఇలాంటి మనిషి, అంతే.
మాటకీ, నిద్రకీ, చప్పుళ్లకీ సాయం ఉంది.

"హాపర్స్ క్రాసింగ్. విలియమ్స్ ల్యాండింగ్. ఎయిర్‌క్రాఫ్ట్. లావర్టన్."
కిటికీ కిందనుంచి. రైల్లో పలికే ఆడగొంతు, అచ్చం అదే విరుపు.
డాక్టరు నావైపు చూసింది.
నాకేం తెలుసు?
"మేం దిగేది లావర్టన్‌లోనండీ," అంది సుగుణ,
"ఇంటికి పోదాం అంటున్నాడు."
ఆ గదిలో అసలు దుభాషి ఎవరో అప్పుడు తెలిసింది.

తర్వాత డాక్టరు ప్రశ్నలు, వరసగా.
చొక్కా లేబుల్ గుచ్చుకుంటుందంటాడా?
(నా జాకెట్లన్నిటికీ మెడ దగ్గర కత్తెర పడ్డ గుర్తు.)
ఎదుటివాళ్ల కళ్లలోకి చూడటం కష్టమా?
(నేను కనుబొమల మధ్య చూస్తాను. నేర్చుకున్నది.)
అనుకున్న దారి మారితే?
(బ్రాడీపేటలో నన్ను తిక్కమేళం అనేవాళ్లు.
నాకిప్పుడు యాభై రెండు.)
గొంతు వణక్కుండా అన్నీ తెలుగు చేశాను.
వాళ్ల జవాబులే అటు చేరవేశాను. నావి కాదు.

ప్లాట్‌ఫారం మీద గాలి, సముద్రంవైపునుంచి, ఉప్పగా.
రైలు బ్రేకులు కీచుమన్నాయి.
ధీమంత్ రెండు చెవులూ మూసుకున్నాడు.
నేనూ.
సుగుణ వాణ్ని చూసి, నన్ను చూసింది, మళ్లీ వాణ్ని.
కాగితం మీద లేని ప్రశ్నేదో.
నా గంట ఎప్పుడో అయిపోయింది.
"అడగండి" అన్నాను.
పొద్దుటినుంచీ
నేనాడిన మొదటి మాట.