పటిక గీత

ఆ మూడు దినాలూ కలం ముట్టనిచ్చేది కాదు అత్త.
"గుడ్డ మీద సీతమ్మ ఉండాది, పక్కకు పోమ్మే"
అనేది, కరక్కాయ పాలల్లో చేతులు ముంచుకునే.

పానగల్లులో, వసారా చివర కూచుని
చూపుతోనే గీతలు గీసేదాన్ని.
సీతమ్మకు నెలనెలా రాదా
అని అడగాలనుండేది. అడగలా.

ఈ కార్తీకంలో అడిగినాను, నోటితో కాదు.
రెండు గజాల గాడా పరిచి
వెదురు కలానికి పటిక నీళ్ళు తాపి
ఏర్పేడు బస్సులో ఎనిమిదో క్లాసు పిల్లను గీసినాను.
బ్యాగు నడుం కిందికి జార్చుకున్న పిల్లను,
సీటు ఖాళీగా ఉన్నా కూచోని పిల్లను.

పటిక గీతకు రంగుండదు.
ఆరినాక ఉత్త గుడ్డే.
అత్త ఎగాదిగా చూసింది, ఏం కనపడలా.

రాగి బానలో మంజిష్ఠ కుతకుతలాడతా ఉంటే
కట్టెతో తిప్పినాను, తిప్పినాను.
నా చెయ్యి యాడాడ తగిలిందో
ఆడంతా ఎరుపు లేచింది.
మొదట లంగా మడతలో.

స్వర్ణముఖిలో నీళ్ళు మోకాటి బంటి.
జాడిస్తుంటే మొగిలమ్మత్త
అవతలి అంచు పట్టుకునింది.
చానాసేపటికి, "రంగు బాగా తేలిందే" అనింది,
ఏ పనోడి గుడ్డనైనా చూసి అనే మాటే.

గుడ్డ పిండతా మళ్ళీ:
"నాకు గోనెసంచి ఇచ్చినారు, పశువుల కొట్టంలో.
వాన ఆ పొద్దు.
కుంటి దూడొకటి నా పక్కనే పడుకునింది.
దాన్ని కూడా వెయ్యి.
సంచికి మాత్రం ఎరుపొద్దు, నలుపెయ్.
తుప్పు మేకులూ బెల్లమూ
కుండలో పులిసి ఉండాయి గదా,
అది సరిపోతాది."