శేషం ముప్పై

ఆ యాప్ వాళ్ళ ఫోనుల్లో ఎక్కించింది నేనే.
భీమిలి రేవులో పదకొండు ఫోనులు,
చెమటకీ ఉప్పుకీ తెరలు మసకబారినవి.
పోటెప్పుడో పాటెప్పుడో అన్నీ ఇందులో ఉంటాయని
గొప్పగా చెప్పాను.

మర్నాడే వాసుపల్లి ఎల్లాజీ ఫోను:
"ఏటమ్మా, నువ్వు సెప్పిన ఏలకి నీరు రానేదు.
గోస్తనీ మొగలో ఇసక తగిలి
తెప్ప పక్కకి ఒరిగిపోనాది.
సముద్రం అరగంట ఆలిస్యమేటి?"

సముద్రం ఆలస్యం కాదు.

కంచరపాలెం మేడ మీద గదిలో,
కోల్డ్ స్టోరేజీ రొయ్యల వాసన చేతుల్ని వదలకుండానే
ఆ లెక్కలు కట్టే ప్రోగ్రాము విప్పి చూశాను.
ఎవరైనా విప్పొచ్చు, తాళం లేదు.
పదహారేళ్ళుగా ఎవరెవరో, ఏ ఊళ్ళవాళ్ళో,
జీతం లేకుండా రాసిన వేల వరసలు.
గూడ్సుబండి పోయినప్పుడల్లా
తెర మీద అక్షరాలు వణికేవి.

ఐదో రాత్రి దొరికింది.
మూడువందల ముప్పై నిమిషాల్ని
అరవైతో భాగించి
ఐదు ఉంచుకుని
శేషం పారేసిన ఒక్క వరస.

మూడో తరగతిలో పైడితల్లి టీచరు
శేషం రాయకపోతే మార్కు కోసేసేది.
మన గడియారంలో ఓ అర ఉందని
ఎవరికో గుర్తులేదు, అంతే.
కోపం తెచ్చుకోడానికేం లేదు.
అయినా తెచ్చుకున్నాను.

దిద్ది పంపాను. కోరాడ సత్యవేణి అని
కింద నా పేరు.

నార్వే నుంచి తెర్యె అనే ఆయన జవాబు:
బాగుంది. సున్నాకి పడమటి వైపు చూశావా?

చూశాను.
న్యూఫౌండ్‌లాండ్ అని ఓ దీవి,
గడియారం మూడున్నర గంటలు వెనక.
అక్కడ ఇదివరకు అరగంటే తప్పు.
నా చేతి చలవ, ఇప్పుడు గంట.
అక్కడా ఎవరో ఎల్లాజీ ఉంటాడు కదా.
అతని పడవ కింద ఇసక పోసింది నేను.

మళ్ళీ రాశాను.
నేపాల్‌కి నలభై ఐదు నిమిషాల శేషం, దానికీ పరీక్ష పెట్టమన్నాడు.
సముద్రమే లేని దేశానికి పోటు లెక్కేమిటని
నవ్వుకుంటూ అదీ పెట్టాను.
ఏం మార్చావో కాదు, ఎందుకు మార్చావో రాయమన్నాడు.
పేజీ రాశాను.
అంతా కొట్టేసి ఒక్క వాక్యం ఉంచాడు:
ఒక తెప్ప ఒరిగిపోయింది.

"వల బాగుసేసినట్టేటి?" అంది ఎల్లాజీ పెళ్ళాం నూకాలు.
కాదే, నీ వల నీదని నీకు తెలుసు.
ఇది ఎవరిదో తెలీని వల,
చిరుగు కనపడ్డవాళ్ళు కుట్టి పోతారు.
"కూలెంత?"
లేదు.
"పిచ్చి మాలోకం," అని నాలుగు కవ్వళ్ళు సంచిలో పడేసింది.

ఓ రాత్రి రెండూ నలభైకి, కలిపేశాం, అన్నాడు తెర్యె.
ఎవర్ని లేపి చెప్పాలో తోచలేదు.
మేడ మీదికెళ్ళి నిలబడ్డాను.
ఓడరేవు దీపాలు వాటి పాటికవి వెలుగుతున్నాయి.

అది ఫోనుల్లోకి రావడానికి రెండు నెలలు పట్టింది.
నిన్న రాత్రి దిగింది కొత్త కూర్పు.

ఇవాళ తెల్లారకముందే ఒళ్ళు ఝల్లుమని లేచాను.
ఈ రెండు నెలలూ వాళ్ళు
ఫోను చెప్పినదానికి అరగంట కలుపుకుంటున్నారు.
కలుపుకోమంది నేనే.
ఇవాళా కలుపుతారు.

తొమ్మిదివందల కె, మొదటి బస్సు.
ఎల్లాజీ ఫోను ఎత్తడం లేదు.
పోటు ఆరూ నలభైకి. ఇప్పుడు ఆరు దాటింది.
రుషికొండ వెనక్కి పోయింది, కుడిపక్కంతా నీళ్ళు,
నిండుతున్నాయో లేదో ఇక్కణ్ణించి తెలీదు.
తిమ్మాపురంలో బస్సాపి
ఎవరో ముసలమ్మ
పూలబుట్ట ఎక్కిస్తోంది, నెమ్మదిగా,
ఒక్క మూరా నలగకుండా.