ఏడో పేరా

విశాఖ లేబరు కోర్టు నుంచి కాగితం వెనక్కొచ్చింది.
మూలన ఎర్రసిరా: "ఫిర్యాదుకీ తొలగింపుకీ సంబంధమేమో
వివరాలు లేవు. సవరించి దాఖలు చేయవలెను."

శ్రీకాకుళం కోర్టు గోడవార, రేకు కింద
ముప్పైయేళ్లుగా మిషను కొడుతున్నాను.
వివరాల్లేని దుఃఖాన్ని వాపసు చేస్తారని
నాకు తెలుసు. వకీలు కూర్మారావుకీ తెలుసు.
తవిటమ్మకే తెలీదు.

పలాసలో పొద్దుటి పాసింజరెక్కి
ఆమదాలవలసలో దిగి, ఆటోలో వచ్చింది.
బమ్మిడి తవిటమ్మ, జీడిగింజ కొట్టే మనిషి,
టోకెను నంబరు నలభై మూడు.

"తొడుగులు ఏ తేదీన అడిగావమ్మా?"
"కరెంటు పోయి మిషన్లాగిపోనాయి సూడు, ఆ మంగలారం."
"తీసేసిందెప్పుడు?"
"సంత మర్నాడు. సేపలకూర వొండి ఎల్నాను,
వొచ్చీసరికి తినబుద్ది కాలేదు."
"యజమాని ఏమన్నాడు? ఏ మాట? ఎవరి ముందు?"
"ఏటీ అన్లేదు బావూ. కాటా మీంచి నా గమేలా దింపేసినాడు.
దింపి, సూసినాడు."

ఆ చూపుని ఎలా టైపు చెయ్యను?
అరసున్నాకి కూడా మీటున్న పాత మిషను నాది,
చూపుకి లేదు.

కూర్మారావు అంటాడు, చట్టానికి కోపం వాసన తెలీదు.
దానికి వరస కావాలి. ముందేది, వెనకేది,
నడుమ ఎన్ని రోజులు.
"కక్షతో" అని రాస్తే తిట్టు.
"పదకొండో రోజున" అని రాస్తే వాదన.
కక్షని కొట్టేసి రోజులు లెక్కపెట్టాం
ఆమె వేళ్ల మీదే, నల్లబడి పెచ్చులూడిన వేళ్ల మీద.

మూడు: తొడుగుల కోసం ఇన్‌స్పెక్టరుకి అర్జీ ఇచ్చినది, రసీదు జతపరచడమైనది.
నాలుగు: ఆ అర్జీని మేస్త్రీ దండాసి అందరి ముందూ చదివి నవ్వినాడు.
అది అతని చేతికెలా వచ్చిందని అడిగాను.
"అది అవతలివాళ్లు చెప్పుకోవాలి," అన్నాడు వకీలు, కొట్టు అన్నట్టు చెయ్యూపి.
ఐదు: పదకొండో రోజున, పని తగ్గిందని టోకెను లాక్కొనిరి.
ఆరు: ఆ వారమే హరిపురం నుంచి ఆరుగురిని కొత్తగా పెట్టుకొనిరి.

ఇక్కడ ఆగాను.
మూడుకీ ఐదుకీ మధ్య "అందువల్ల" అని
ఒక్క మాట కొట్టాలని చెయ్యి లాగింది.
వద్దన్నాడు. ఆ మాట జడ్జీ నోట రావాలట.
మన పని ఆయన్ని దాని అంచుదాకా నడిపించడమేనట.

"సదువుకున్నోల్లకి ఇన్ని మెట్లేటి?" అంది తవిటమ్మ.
"నిప్పు ముట్టుకుంటే కాల్తాది. మద్దిన లెక్కేటి?"

ఆఖర్న నిశానీ.
పైన రాసినదంతా నాకు తెలిసినంతవరకు నిజమని.
ఆమె బొటనవేలు పట్టుకుని సిరాదిండు మీద ఒత్తి
కాగితం మీద దొర్లించాను.
నల్లటి మచ్చ. గీత లేదు.
కుడిది. కడిగి, తుడిచి, మళ్లీ ఎడమది.
పంతొమ్మిదేళ్లు జీడిరసం తిన్న చోట
ఈమె ఫలానా అని చెప్పే గీత ఒక్కటీ మిగల్లేదు.

"ఇది కూడా ఎనక్కొచ్చేస్తాదేటి బావూ?"

కూర్మారావు కళ్లజోడు తీశాడు, పెట్టుకున్నాడు.
కాగితం మళ్లీ ఎక్కించమన్నాడు.

ఏడు: అర్జీదారు అడిగినది ఒక జత చేతితొడుగులు.
ఎందుకు అడిగినదో దిగువ నిశానీలో చూడవచ్చును.

రెండు నిమిషాలు ఎవరం మాట్లాడలేదు.
తర్వాత ఆయనే, వకీలు కదా,
"చూడవచ్చును" కొట్టేయించి "చూడ ప్రార్థన" అని పెట్టించాడు.

మూడు కాపీలు. కార్బను పాతది, మూడోది మసక.
పేజీకి ఇరవై చొప్పున ఆమె లెక్కపెట్టి ఇచ్చింది,
నేను లెక్కపెట్టి తీసుకున్నాను. నాకూ ఇల్లుంది.

ఒంటిగంట బండికి పరుగెత్తింది తవిటమ్మ,
సిరా ఆరని వేలు చీరకి అంటకుండా
పైకెత్తి పట్టుకుని.