సున్నా పాయింట్ మూడు

జక్కూరు నుంచి హొసూరు ఏరోడ్రోముకి
ఇరవై ఏడు నాటికల్ మైళ్ళు.
షెడ్డు గోడ మీది మ్యాపుకి నా చెయ్యి ఆనిస్తే
బెత్తెడు, ఆపైన ఇంకో వేలు.
రెండే సీట్ల సెస్నాకి పద్దెనిమిది నిమిషాలు,
ఎదురుగాలుంటే ఇంకో రెండు.

పొద్దున పొన్నప్ప సారూ, నేర్చుకునే పిల్లా
మంచు తేలగానే లేచిపోయారు.
నేను రెండో టీలో ఉండగా ఫోను:
"గంగులప్పా, తిరిగొద్దామని చూస్తే
కుడి మాగ్నెటో పలకట్లేదు.
కొత్తది పట్టుకుని రా."

మూడు కిలోలుంటుంది అది.
తువాల్లో చుట్టి, పైన స్పానర్లు సర్ది
హెబ్బాళ్ళలో బస్సెక్కాను.
ఏముందయ్యా అందులో, అన్నాడు కండక్టరు.
విమానం సామానన్నాను.
నవ్వి, లగేజీ కొట్టకుండా వదిలేశాడు.
నమ్మలేదనుకుంటా.

మెజెస్టిక్‌లో బస్సు మారి
సిల్క్ బోర్డు దగ్గర నలభై నిమిషాలు.
ఈపాటికి సారు పోయి, వచ్చి, చెయ్యి కడుక్కునేవాడు.
లెక్క కట్టకూడదనుకుంటూనే కట్టాను.

పక్క సీట్లో ఖాళీ గులాబీ బుట్టల నాగరత్నమ్మ
మార్కెట్లో పూలు దించి ఊరికి పోతోంది.
"ఆకాశంలో ఎంతసేపయ్యా?"
చెప్పాను.
"అంతేనా! మా దగ్గర బేరం తెగడానికే
అంతకంటే ఎక్కువ పడుతుంది" అని
బుట్ట మీద తల వాల్చి నిద్రపోయింది.

నేను చేరేసరికి ఒంటిగంట దాటింది.
రెక్క నీడలో పని.
పిల్ల టార్చి పట్టింది. వెలుగు వణికింది.
"అంకుల్, ఇది గాల్లో ఉండగా ఆగిపోయుంటే?"
"రెండుంటాయమ్మా, అందుకే."
ఆ రెండోదాని గురించే
పొద్దుట్నుంచీ నా ఆలోచనంతా.
అది చెప్పలేదు.

నాలుగింటికి ఇంజను అందుకుంది.
చెవి పెట్టి విన్నాను: కుడి, ఎడమ, రెండూ.
సారు బొటనవేలు చూపించాడు.
మూడో సీటు లేదు, అడగడానికేమీ లేదు.
కంచె దగ్గర నిలబడి
చప్పుడు చెవి దాటేదాకా ఉన్నాను.
తర్వాత బస్‌స్టాండు ఎటో కనుక్కున్నాను.

జక్కూరు గేటు దగ్గర దిగేసరికి తొమ్మిది.
తాళ్ళతో కట్టేసి ఉంది అది, గొడ్డులాగా.
ముక్కు మీద అరచెయ్యి పెట్టాను.
చల్లబడి ఎంతసేపైందో,
మంచు కూడా పడుతోంది.

ఆఫీసులో లాగ్‌బుక్ తెరిచి ఉంది.
హొసూరు – జక్కూరు. గంటలు: 0.3.
కింద నేను సంతకం పెట్టాల్సిన గడి.
పెట్టాను.

సంచి ఇంకా భుజానే ఉంది.
అందులో పాడైన మాగ్నెటో.
దీనివీ మూడు కిలోలే,
పోయేటప్పుడెంతో వచ్చేటప్పుడూ అంతే.